పాడుబడ్డ మందిరంలో మొలిచిన గడ్డి

జెరూసలెం పాత నగరంలో పడమటి గోడ పక్కనుంచి పైనున్న విశాలమైన వేదిక మీదికి ఒక చెక్క వంతెన వెళ్తుంది. ముస్లింలు కానివాళ్ళు పైకి వెళ్ళాలంటే అదే దారి. ఆ దారి మొదట్లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల సంస్థ పెట్టిన బోర్డు ఒకటుంది. ఈ చోటు పవిత్రమైనది కాబట్టి మందిర పర్వతం మీద ఎవరూ అడుగుపెట్టకూడదని, ఇది యూదుల మూలగ్రంథమైన తోరా ధర్మమని దాని సారాంశం.

మొదటిసారి చదివినవాళ్ళకు తికమకగానే ఉంటుంది. యూదులకు ప్రపంచంలో అంతకన్నా పవిత్రమైన చోటు లేదు. రోజుకు మూడుసార్లు ఆ దిక్కుకే తిరిగి ప్రార్థిస్తారు. అక్కడికి వెళ్ళొద్దని బోర్డు పెట్టింది ప్రత్యర్థులు కాదు, వాళ్ళ సొంత మతపెద్దలే. పైగా అక్కడ మందిరం లేదు. రోమన్లు దాన్ని తగలబెట్టి 1,950 ఏళ్ళు దాటింది. లేని గుడికి ఈ మడి ఏమిటి?

ఆ వేదిక ముస్లింలకు హరమ్ అల్ షరీఫ్. అల్ అక్సా మసీదు, 691-92లో పూర్తయిన బంగారు గుమ్మటం ఉన్నది అక్కడే. ఆ కొండ చుట్టూ నడిచే రాజకీయం గురించి రోజూ వార్తల్లో చదువుతూనే ఉన్నాం, దాని జోలికి నేను పోవడం లేదు. నా ఆసక్తి ఆ బోర్డు వెనకున్న ప్రశ్న మీదే. కట్టడం పోయాక పవిత్రత ఉంటుందా, పోతుందా? ఉంటే ఎవరు పెట్టినట్టు, పోతే ఎవరు తీసినట్టు?

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పుకుందాం. సొలొమోను కట్టించిన మొదటి మందిరాన్ని క్రీ.పూ. 586లో బబులోను రాజు నెబుకద్నెజరు సేనలు కూల్చాయి. చెర నుంచి తిరిగొచ్చినవాళ్ళు క్రీ.పూ. 516 ప్రాంతంలో రెండో మందిరం కట్టుకున్నారు. హేరోదు రాజు దాన్ని చాలా పెద్దది చేశాడు, దాని చుట్టూ కొండను రాతిగోడలతో వెడల్పు చేశాడు. క్రీ.శ. 70లో రోమన్ సేనాని టైటస్ సైన్యం దాన్ని కాల్చేసింది. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు అక్కడ బలిపీఠం లేదు, యాజకుల సేవ లేదు.

ఈ ప్రశ్నను రబ్బీలు మొదట ఎంత చిన్న సందర్భంలో తేల్చారో చూస్తే ముచ్చటేస్తుంది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మసంకలనంలో, మెగిల్లా అనే భాగంలో, పాడుబడ్డ సినగాగ్ గురించి, అంటే యూదుల ప్రార్థనాలయం గురించి, ఒక చర్చ ఉంది. రబ్బీ యెహుదా అంటాడు: కూలిపోయిన సినగాగ్‌లో చనిపోయినవాళ్ళ కోసం సంతాపసభలు పెట్టకూడదు. తాళ్ళు పేనకూడదు. వలలు ఆరేయకూడదు. దాని కప్పు మీద పండ్లు ఎండబెట్టకూడదు. దగ్గరవుతుంది కదా అని దానిలోంచి అడ్డదారిన నడిచిపోకూడదు. ఈ జాబితా చదివితే, అప్పట్లో పాడుబడ్డ చోట జనం ఏమేం చేసేవాళ్ళో తెలిసిపోతుంది. మన ఊళ్ళలో శిథిలమైన మండపంలో వడ్లు ఎండబోసుకుంటారే, అదే తంతు. వద్దనాల్సి వచ్చిందంటేనే చేస్తున్నారని అర్థం.

దీనికి ఆయన చూపించిన ఆధారం లేవీయకాండం 26వ అధ్యాయంలోని ఒక శాపవాక్యం. దేవుడు ఇశ్రాయేలీయులను హెచ్చరిస్తూ “మీ పరిశుద్ధస్థలాలను పాడుచేస్తాను” అంటాడు. రబ్బీలు అక్కడ పట్టుకున్నది ఒక్క మాట. పాడుచేశాక కూడా వాటిని “పరిశుద్ధస్థలాలు” అనే పిలిచాడు. అంటే పాడుపడ్డా వాటి పవిత్రత అలాగే ఉంది. శాపంలోంచే వరం లాగడం అంటే ఇదేనేమో. తిట్టులో వాడిన సంబోధనను పట్టుకుని, బంధం ఇంకా తెగలేదని వాదించడం ఇంట్లో గొడవలయ్యాక మనవాళ్ళూ చేసే పనే.

ఆ జాబితా చివరన ఇంకో మాట ఉంది. శిథిలంలో గడ్డి మొలిస్తే పీకకూడదు. ఎందుకంటే మనసు బాధపడాలి. దారినపోయేవాడు ఆ గడ్డిని చూడాలి, ఒకప్పుడు ఇదేమిటో, ఇప్పుడు ఏమైందో గుర్తొచ్చి కడుపు తరుక్కుపోవాలి. పవిత్రత పోని చోటు కాబట్టే అక్కడ గడ్డి మొలవడం బాధాకరం. ఉత్త బయలైతే గడ్డి మొలవక ఏం మొలుస్తుంది?

ఇంత వరకు మాట సినగాగ్ గురించి. అసలు మందిరం మాటకొస్తే ఒక మనిషిని కలుసుకోవాలి. ఆయన పేరు రబ్బీ యెహోషువ, హనన్యా కొడుకు. ఈయన లేవీయుడు, అంటే మందిర సేవ చేసే గోత్రంవాడు, అక్కడ పాడే బృందానికి చెందినవాడు. మిష్నా మీద తర్వాతి రబ్బీల చర్చలను కూర్చిన తాల్ముద్‌లో ఒక చిన్న ముచ్చట ఉంది. మందిరం తలుపులు మూయడానికి సాయం పడదామని ఈయన వెళ్తే, ద్వారపాలకుడు “వెనక్కి పో, నువ్వు పాటగాళ్ళలో వాడివి, తలుపుల వాళ్ళలో కాదు” అని పంపేశాడట. అంటే మందిరం నిలిచి ఉండగా లోపలి పద్ధతులు కళ్ళారా చూసినవాడు. దాన్ని పోగొట్టుకున్నాక ఇల్లు గడవడానికి బొగ్గుల పనో కమ్మరి పనో చేసుకుని బతికాడని, ఇంటి గోడలకు మసి పట్టి ఉండేదని ఇంకోచోట చదువుతాం.

ఈ యెహోషువ సాక్ష్యంగా చెప్పిన మాట మిష్నాలోని ఎదుయోత్ అనే భాగంలో ఉంది. “మందిరం లేకపోయినా బలులు అర్పించవచ్చని నేను విన్నాను. ఎందుకంటే మొదటి ప్రతిష్ఠ ఆ కాలానికీ పవిత్రం చేసింది, రాబోయే కాలానికీ పవిత్రం చేసింది.” ఈ చివరి వాక్యమే తర్వాతి వాదనలన్నిటికీ మూలం. దానికి ఎదురు నిలిచే మాట కూడా తాల్ముద్‌లో ఉంది: ఆ కాలానికే పవిత్రం చేసింది, రాబోయే కాలానికి కాదు. ఈ రెండు వాక్యాల మధ్య తేడా హీబ్రూలో ఒక్క ‘కాదు’ మాత్రమే. కానీ ఆ ఒక్క మాటతో ఒక మతం రూపమే మారిపోతుంది.

ఎలాగో చూద్దాం. జెరూసలెంకు ముందు ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారంలో సాగింది, ఆ గుడారం ఊళ్ళు మారింది. షిలోహులో చాలాకాలం ఉంది, సంప్రదాయం లెక్క ప్రకారం 369 ఏళ్ళు. షిలోహు పడిపోయాక అక్కడ పవిత్రత ముగిసింది, జనం మళ్ళీ ఎవరి ఊళ్ళో వాళ్ళు చిన్న బలిపీఠాలు పెట్టుకోవడానికి అనుమతి వచ్చింది. మిష్నా ఈ రెంటికీ తేడా ఒక్క ముక్కలో చెబుతుంది: షిలోహు పవిత్రత తర్వాత సడలింపు ఉంది, జెరూసలెం పవిత్రత తర్వాత సడలింపు లేదు.

మన దగ్గర గుడికి జీర్ణోద్ధరణ చేయాలంటే బాలాలయం కడతారు. మూలమూర్తి కళను కలశంలోకి ఆవాహన చేసి అక్కడ పూజలు సాగిస్తారు, పని పూర్తయ్యాక తిరిగి తెస్తారు. సాన్నిధ్యాన్ని కదిలించే పద్ధతి ఒకటి ఉంది. షిలోహు వరకు యూదు సంప్రదాయంలోనూ కదలిక ఉంది. జెరూసలెంతో అది ఆగిపోయింది. బాలాలయం లేని గుడి అది.

పవిత్రత ముగిసిందనుకుంటే ఏం జరిగేది? ఈజిప్టులోని లియొంటొపొలిస్‌లో క్రీ.పూ. 2వ శతాబ్దంలో ఓనియస్ అనే యాజకవంశీయుడు ఒక యూదు మందిరం కట్టాడు, అందులో బలులు కూడా జరిగేవి. జెరూసలెం మందిరం కాలిన కొద్ది ఏళ్ళకే రోమన్లు దాన్ని కూడా మూయించారు. తాల్ముద్‌లో రబ్బీ యిస్హాక్ పేరిట ఒక మాట వస్తుంది: ఓనియస్ మందిరంలో ఈ కాలంలో బలి ఇవ్వవచ్చని విన్నాను. ఎందుకలా అన్నాడని తాల్ముదే విడమరుస్తుంది. మొదటి ప్రతిష్ఠ రాబోయే కాలానికి పవిత్రం చేయలేదన్నది ఆయన ఉద్దేశం. అంటే జెరూసలెం పట్టు వదిలితే బలిపీఠం ఇంకోచోట లేస్తుంది. ఆ మాట నిలబడలేదు, ఆయనే దాన్ని వెనక్కి తీసుకున్నాడని కూడా అక్కడే రాశారు. నిలబడి ఉంటే బాగ్దాద్‌లో ఒకటి, కొర్దోబాలో ఒకటి, కొచ్చిలో ఒకటి యూదు బలిపీఠం ఉండేదేమో.

కాబట్టి మందిరం పోయింది గనక బలులు ఆగిపోయాయన్నది సగం నిజమే. మిగతా సగం ఏమిటంటే, ఆ చోటు పవిత్రత పోలేదు గనక ఇంకెక్కడా మొదలు కాలేదు.

అయితే అక్కడే, ఆ కొండ మీదే, మందిరం లేకుండానే బలులు ఇవ్వొచ్చని కదా యెహోషువ అన్నది? సిద్ధాంతంగా అవును. ఆచరణకొచ్చేసరికి బలిపీఠం సరిగ్గా ఎక్కడుండేదో అంగుళం తేడా లేకుండా తెలియాలి, యాజకుల వంశశుద్ధి తేలాలి, ఇంకా ఎన్నో. 19వ శతాబ్దంలో రబ్బీ ట్స్వీ హిర్ష్ కాలిషర్ ఈ పని మళ్ళీ మొదలుపెట్టాలని ఉత్తరాలు రాశాడు, పుస్తకం రాశాడు. పెద్ద రబ్బీలు చాలామంది ఒప్పుకోలేదు. జర్మనీలోని రబ్బీ యాకోబ్ ఎట్లింగర్ ఎదురువాదన తీసింది ఎక్కడినుంచో తెలుసా? అదే లేవీయకాండం వాక్యంలోంచి. “మీ పరిశుద్ధస్థలాలను పాడుచేస్తాను” అన్న వెంటనే “మీ సువాసన గల అర్పణల వాసన చూడను” అని ఉంది. చోటు పవిత్రంగానే ఉంది, కానీ పాడుబడి ఉన్నంతకాలం అర్పణ వద్దంటున్నాడు. ఒకే వాక్యం, మొదటి సగం తలుపు తెరిచి పెడుతుంది, రెండో సగం గుమ్మంలో ఆపేస్తుంది.

ఈ చిక్కును శాస్త్రంగా విప్పినవాడు మైమొనిడెస్. 12వ శతాబ్దంలో కైరోలో ఉండి యూదు ధర్మం మొత్తాన్ని 14 భాగాల్లో క్రోడీకరించాడు. మందిరం గురించిన అధ్యాయాల్లో ఆయన ఒక ఇబ్బందిని తనే ఎత్తుకుంటాడు. ఇశ్రాయేలు భూమికి కూడా పవిత్రత ఉంది: ఏడో ఏట పొలం బీడు పెట్టడం, పంటలో దశమభాగం తీయడం, ఇలాంటివి ఆ నేలకే చెందిన విధులు. మోషే తర్వాత వచ్చిన యెహోషువా (పైన చెప్పిన రబ్బీ కాదు) నాయకత్వంలో గెలుచుకున్నప్పుడు ఆ నేలకు పవిత్రత వచ్చింది. బబులోను వాళ్ళు లాక్కున్నాక అది పోయింది. మరి అదే యుద్ధంలో, అదే శత్రువు చేతిలో పడిన మందిరం పవిత్రత ఎందుకు పోలేదు?

ఆయన జవాబు నాకు ఈ చర్చ మొత్తంలో బాగా నచ్చిన భాగం. పవిత్రత ఎలా వచ్చిందో అలాగే పోతుంది. నేలకు అది జయించడం వల్ల వచ్చింది, ఓటమితో పోయింది. కత్తితో వచ్చింది కత్తితో పోయింది. చెర నుంచి తిరిగొచ్చినవాళ్ళకు నాయకుడైన ఎజ్రా కాలంలో జయించి కాదు, కాపురముండి, స్వాధీనంలో పెట్టుకుని మళ్ళీ పవిత్రం చేశారు. అందుకే ఆ రెండో పవిత్రత తర్వాత నేల చేజారినా పోలేదు. ఇక మందిరానికి, జెరూసలెంకు పవిత్రత వచ్చింది షెఖీనా వల్ల, అంటే దైవసాన్నిధ్యం వల్ల. షెఖీనాకు ఓటమి ఉండదు. కాబట్టి సైన్యాలు వచ్చినా పోయినా ఆ చోటు మైల పడదు, మామూలు కాదు. రెండో మందిరం కట్టినప్పుడు ఎజ్రా చేసిన ప్రతిష్ఠ కేవలం గుర్తు కోసమే అని కూడా ఆయన అంటాడు. రాజు, ప్రవక్త, ప్రధాన యాజకుడు దైవనిర్ణయం తెలుసుకునే ఊరీము తుమ్మీము, 71 మంది పెద్దల సభ అన్నీ ఉంటేనే ప్రతిష్ఠ చెల్లుతుంది. ఎజ్రా కాలంలో వాటిలో రాజు, ఊరీము తుమ్మీము లేవు. అక్కర్లేదు కూడా, సొలొమోను చేసిందే నిలిచి ఉంది.

చదవగానే ఒప్పేసుకోవాలనిపిస్తుంది. కానీ గట్టి పాఠకుడు ఒకటి అడుగుతాడు: సీనాయి కొండ సంగతేమిటి? అక్కడా దైవసాన్నిధ్యం దిగింది కదా. కొండను తాకితే చావే అన్నారు. కానీ బూర దీర్ఘంగా ఊదినప్పుడు పైకి ఎక్కవచ్చని నిర్గమకాండంలోనే ఉంది. తాల్ముద్‌లో రబ్బీ యోసే దీన్నుంచి ఒక పాఠం తీస్తాడు: చోటు మనిషికి గౌరవం తేదు, మనిషే చోటుకు గౌరవం తెస్తాడు. షెఖీనా ఉన్నంతసేపే సీనాయికి ఆ కట్టుబాట్లు, వెళ్ళాక మామూలు కొండే. ఈ రోజుకీ యూదులకు సీనాయి ఒక తీర్థం కాదు, అది కచ్చితంగా ఏ కొండో వాళ్ళ సంప్రదాయం పట్టుబట్టి దాచుకోలేదు కూడా.

సీనాయికి ఒక న్యాయం, జెరూసలెంకు ఒక న్యాయమా? తేడా మాటలో ఉంది. సీనాయికి గడువు ముందే చెప్పేశారు. సొలొమోను మందిరం ప్రతిష్ఠించాక దేవుడు చెప్పినట్టు మొదటి రాజుల గ్రంథం 9వ అధ్యాయంలో ఉన్నది వేరు: నా పేరు సదాకాలం ఇక్కడ ఉంచుతాను, నా కళ్ళు, నా మనసు ఎల్లప్పుడూ ఇక్కడే ఉంటాయి. ఒకటి వచ్చివెళ్ళిన చుట్టరికం, రెండోది కాపురం.

అంతటితో తేలిపోలేదు. షెఖీనా అక్కడే ఉందా అన్న విషయం మీదే రబ్బీలు ఒక్కమాట మీద లేరు. మందిరం కూలాక షెఖీనా ఆకాశానికి వెళ్ళిపోయిందని మిద్రాష్‌లో, అంటే రబ్బీల బైబిల్ వ్యాఖ్యానాల్లో, ఒకరంటారు. కూలినా కూలకపోయినా అక్కడినుంచి కదల్లేదని ఇంకొకరు, పై వాక్యాన్నే చూపించి. జనంతో పాటు తనూ చెరకు వెళ్ళిందని, బబులోనుకు వెళ్ళినప్పుడు బబులోనుకు వెళ్ళిందని మరొకరు. ఇంకో కథలో, మందిరం కాల్చి గర్వపడుతున్న సేనాపతికి ఆకాశవాణి చెబుతుంది: కాలిన మందిరాన్నే కాల్చావు, తిరగలిలో విసిరిన పిండినే మళ్ళీ విసిరావు. అంటే శత్రువు చేరేసరికే సాన్నిధ్యం లేచిపోయిందని. ఇవన్నీ ఒకే గ్రంథసముదాయంలో పక్కపక్కనే ఉన్నాయి, వాటిని ఏకం చేయాలన్న తొందర ఎవరికీ ఉన్నట్టు లేదు. మైమొనిడెస్ ధర్మం రాయాలి కాబట్టి ఒకటి ఎంచుకున్నాడు.

దక్షిణ ఫ్రాన్స్‌లో పొస్కియేర్‌కు చెందిన రబ్బీ అబ్రహాం, అందరూ రాబద్ అని పిలిచేవాడు, ఆయన సమకాలికుడు. మైమొనిడెస్ గ్రంథం మీద ఘాటైన వ్యాఖ్యలు రాయడంలో దిట్ట. ఇక్కడ ఆయన అన్నది ఇది: “ఇది ఈయన సొంత ఊహ. ఎక్కడినుంచి తెచ్చాడో నాకు తెలియదు.” ఆయన దృష్టిలో మందిరం, జెరూసలెం ముందుముందు మారతాయని, దేవుని మహిమతో శాశ్వతమైన మరో ప్రతిష్ఠ జరుగుతుందని ఎజ్రాకు తెలుసు. కాబట్టి ఉన్న పవిత్రతను శాశ్వతం చేయలేదు. ఈ సంగతి తనకు దైవరహస్యంగా తెలిసిందని కూడా రాసుకున్నాడు, ధర్మశాస్త్ర వాదనలో అరుదుగా కనిపించే మాట. చివర్లో తేల్చింది: ఇప్పుడు అక్కడికి వెళ్ళినవాడికి కారేత్ లేదు.

కారేత్ అంటే దేవుడు వేసే శిక్ష, ఆత్మను జనంలోంచి కొట్టివేయడం. మైల ఉండి తెలిసీ మందిర ఆవరణలోకి అడుగుపెట్టేవాడికి తోరాలో ఉన్న శిక్ష అదే. ఇప్పుడు బోర్డు గుర్తుతెచ్చుకోండి. మైమొనిడెస్ మాట నిజమైతే పవిత్రత ఉంది, కాబట్టి శిక్ష ఉంది, కాబట్టి వెళ్ళకూడదు. రాబద్ మాట నిజమైతే ఆ భయం లేదు. నిజానికి ఆయన తర్వాత సుమారు వందేళ్ళకు వచ్చిన ఫ్రాన్స్ పండితుడు మెయిరీ, ఆ మాట ప్రకారం అక్కడికి వెళ్ళే అలవాటు జనంలో ఉందని విన్నట్టు రాశాడు. తర్వాతి కాలంలో ధర్మం మైమొనిడెస్ వైపే మొగ్గింది. విచిత్రం చూడండి, ఆ చోటును ఎక్కువ పవిత్రం అన్నవాడే దానికి దూరంగా నిలబెట్టాడు.

దూరంగా అంటే ఎంత దూరం? మిష్నా పవిత్రతకు పది మెట్లు చెబుతుంది. దేశం, గోడలున్న పట్టణాలు, జెరూసలెం, మందిర పర్వతం, దాని లోపలి గట్టు, స్త్రీల ఆవరణ, అలా లోపలికి పోయేకొద్దీ కట్టుబాటు బిగుస్తూ, చివర అతిపరిశుద్ధ స్థలం, అక్కడికి ప్రధాన యాజకుడు ఒక్కడే, ఏడాదికి ఒక్కరోజే. బయటి మెట్టుకు స్నానం చాలు. లోపలి మెట్లకు శవమైల కూడా పోవాలి. శవాన్ని తాకినా, శవం ఉన్న కప్పు కింద నిలబడినా అంటే మైల అది. ఆస్పత్రికి, చావింటికి వెళ్ళని మనిషెవడు? కాబట్టి ఈ రోజు ప్రతి యూదుడికీ అది ఉన్నట్టే లెక్క. పోగొట్టుకోవడానికి ఒక్కటే మార్గం, సంఖ్యాకాండం 19లో చెప్పిన ఎర్రని పెయ్య బూడిద కలిపిన నీళ్ళు. ఆ పెయ్యకు వేరే రంగు వెంట్రుకలు రెండున్నా చెల్లదు, కాడి మోసి ఉండకూడదు. 2022 సెప్టెంబరులో టెక్సాస్ నుంచి ఐదు ఎర్ర పెయ్యల్ని విమానంలో ఇజ్రాయెల్‌కు తెచ్చినప్పుడు చాలామంది టెన్షన్ పడింది ఇందుకే. చూసేవాళ్ళకు పెయ్యలు, తెలిసినవాళ్ళకు అది ఆ కొండ తాళంచెవి.

1967 జూన్‌లో పాత నగరం ఇజ్రాయెల్ చేతికొచ్చినప్పుడు ఈ పాత అధ్యాయాలన్నీ ఒక్కసారిగా బతికొచ్చాయి. ప్రధాన రబ్బీలు వెంటనే నిషేధం ప్రకటించారు. అప్పటి సైన్యపు ప్రధాన రబ్బీ ష్లోమో గోరెన్ మాత్రం సైనిక ఇంజినీర్లతో కొండను కొలిపించాడు. ఆయన లెక్కకు పునాది ఇది: మిష్నా ప్రకారం పవిత్రమైన పర్వతం 500 మూరల చదరం. మూర అర మీటరు అటూఇటూ అనుకుంటే 250 మీటర్లు. ఇప్పుడున్న వేదిక పడమటి గోడ ఒక్కటే 488 మీటర్లు. మిగతాదాంట్లో చాలావరకు హేరోదు కలిపింది. కాబట్టి స్నానం చేసి, తోలు చెప్పులు వదిలి, ఆ కలిపిన భాగాల్లో తిరగొచ్చని ఆయన వాదం. నిషేధం పెట్టినవాళ్ళు కొలతను పూర్తిగా కొట్టేయలేదు, గీత ఎక్కడుందో కచ్చితంగా తెలియనప్పుడు ఆత్మనే పణంగా పెట్టడమెందుకన్నారు. ఇద్దరికీ పవిత్రత ఉందన్నదాంట్లో తేడా లేదు. ఒకరు దాని హద్దు వెతుకుతున్నారు, ఒకరు దాని చుట్టూ కంచె వేస్తున్నారు.

మైమొనిడెస్ సొంత ఉత్తరం ఒకటి ఈ గొడవలో రెండు వైపులవాళ్ళూ వాడుకుంటారు. 1165లో ఆక్ర నుంచి ప్రమాదకరమైన దారిలో జెరూసలెం వెళ్ళి “మహత్తరమైన పవిత్రమైన ఇంట్లోకి” వెళ్ళి ప్రార్థించానని, ఆ రోజును ఏటా పండుగగా పాటిస్తానని రాశాడు. కొండ మీదికే వెళ్ళాడని కొందరు, ఏదో సినగాగ్ అయి ఉంటుందని కొందరు.

బోర్డుల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. మందిరం నిలిచి ఉన్న రోజుల్లోనూ అక్కడ హెచ్చరిక ఫలకాలుండేవి. గ్రీకులో చెక్కిన రాయి ఒకటి 1871లో దొరికింది, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. పరదేశి ఎవరైనా ఈ కంచె దాటితే చావుకు తనే బాధ్యుడు అని దాని భావం. అప్పటి రాయి ఆపింది పరాయివాళ్ళను. ఇప్పటి బోర్డు ముఖ్యంగా ఆపుతున్నది సొంతవాళ్ళనే.

ఇంత భయం దేనికి, రాళ్ళకా? ఈ అనుమానం తాల్ముద్‌కే వచ్చింది. “నా విశ్రాంతిదినాలను ఆచరించండి, నా పరిశుద్ధస్థలానికి భయపడండి” అన్న వాక్యంలో రెంటినీ జత చేశారు. విశ్రాంతిదినానికి ఎవరూ భయపడరు, దాన్ని పాటించమన్నవాడికి భయపడతారు. మందిరానికీ అంతే. అందుకే మందిర పర్వతం మీదికి చేతికర్రతో, చెప్పులతో, డబ్బు సంచితో, కాళ్ళకు దుమ్ముతో వెళ్ళకూడదన్నారు. చెప్పులు విప్పడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ గోడలూ, గర్భగుడీ లేని చోట కూడా భయభక్తులు తప్పవని మైమొనిడెస్ స్పష్టంగా రాశాడు, మందిరం పాడుబడి ఉన్నా నిలిచి ఉన్నప్పటి భక్తితోనే ఉండాలని. ఆజ్ఞాపించినవాడు కూలలేదు కదా అన్నది తర్కం.

మందిరం కాలాక యెహోషువ తన గురువు యోహానాన్ బెన్ జక్కాయ్‌తో ఆ దారిన వెళ్తూ “మన పాపాలకు ప్రాయశ్చిత్తం జరిగే చోటు పాడైపోయిందే” అని వాపోతాడు. గురువు ఓదార్చాడు: అంతటి ప్రాయశ్చిత్తం ఇంకోటి మనకుంది, దయతో చేసే పనులు. హోషేయ ప్రవక్త మాట గుర్తుచేశాడు, బలి కాదు, కనికరమే నాకు ఇష్టం. ఇక్కడినుంచి ఒక పెద్ద పంపకం మొదలైంది. బలుల వేళలు ప్రార్థన వేళలయ్యాయి. భోజనపు బల్ల బలిపీఠమైంది. చెరలో ఉన్నవాళ్ళకు “చిన్న పరిశుద్ధస్థలం”గా ఉంటానని యెహెజ్కేలులో దేవుడన్న మాటకు సినగాగ్‌లు అని అర్థం చెప్పారు. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనే ఎఫ్రాయిమ్ యూదులు 1991లో తెరిచిన చిన్న సినగాగ్ కూడా ఈ లెక్కలో చిన్న పరిశుద్ధస్థలమే. కానీ ఆ ‘చిన్న’ అన్న మాట ఊరికే లేదు. ఏ దేశంలో ఉన్నా ఆ కొండ వైపు తిరిగి ప్రార్థించాలి, ఇశ్రాయేలు దేశంలో ఉంటే జెరూసలెం వైపు, జెరూసలెంలో ఉంటే మందిరం ఉన్న చోటు వైపు. దిక్కు తెలియనివాడు మనసును దేవుడి వైపు తిప్పితే చాలు. పంచుకున్నది పనులను, చోటును కాదు.

ఈ మందిరం తలపు బతుకును మింగేయకుండా చూసినవాడు కూడా యెహోషువే. మందిరం లేదు కాబట్టి మాంసం తినం, ద్రాక్షరసం తాగం అని కొందరు ఒట్టు పెట్టుకుంటే, అయితే రొట్టె కూడా మానండి, నైవేద్యం లేదుగా, నీళ్ళూ మానండి, నీళ్ళ అర్పణ లేదుగా అని నోరు మూయించాడు. అసలు ఏడవకుండా ఉండలేం, మితిమీరి ఏడవనూ లేం అన్నాడు. ఇల్లు సున్నం వేసుకోండి, గోడలో ఒక ముక్క వదిలేయండి. ఈ రోజుకీ కొన్ని యూదు ఇళ్ళలో గుమ్మానికి ఎదురుగా మూర చదరం గోడ బోసిగా ఉంటుంది.

ఆ యెహోషువే ఒకసారి మరో ముగ్గురు రబ్బీలతో జెరూసలెం వచ్చాడు. స్కోపస్ కొండ దగ్గర బట్టలు చింపుకున్నారు. మందిర పర్వతం చేరేసరికి అతిపరిశుద్ధ స్థలం ఉన్న చోటునుంచి ఒక నక్క బయటికి వచ్చింది. ముగ్గురు ఏడ్చారు, నాలుగోవాడైన రబ్బీ అకీవా ఒక్కడే నవ్వాడు. శాపం నెరవేరింది కాబట్టి ఓదార్పు కూడా నెరవేరుతుందని ఆయన నవ్వు. ఆ నవ్వు గురించే అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆ ఏడుపే ఎక్కువ చెబుతుంది. మామూలు గుట్టలోంచి నక్క రావడంలో ఏడవడానికి ఏముంది? ఆ రాళ్ళ మధ్య ఇంకా ఏదో ఉందని నమ్మినవాళ్ళే అలా ఏడవగలరు.

ఇప్పుడు లక్షలమంది వచ్చేది ఆ కొండ మీదికి కాదు, కింద పడమటి గోడ దగ్గరికి. చాలామంది అనుకున్నట్టు అది మందిరం గోడ కాదు, హేరోదు కొండకు వేయించిన ఆసరా గోడ. రాళ్ళ సందుల్లో మొక్కలు మొలిచి వేలాడుతుంటాయి, కింద సందుల్లో భక్తులు చీటీలు దోపుతుంటారు. అక్కడ కూడా నియమం తప్పనివాళ్ళు కొందరుంటారు. గోడ మందం కూడా పర్వతం లెక్కలోకి వస్తుందేమోనని వాళ్ళ అనుమానం. చీటీని సందు దాకా తీసుకెళ్తారు, మెల్లగా నెడతారు, వేలు మాత్రం లోపలికి పోనివ్వరు.